ఇప్పటివరకు తలచుకున్నవారు

ఆ సోమవారం పొద్దున్న చిన్నకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు గది తాళం తీయడం, పదింటికల్లా సైటుకొచ్చినవాళ్ళను లెక్కపెట్టే పాత టూలు పీకేసి కొత్త టూలు పెట్టడం, పదకొండింటికి టీ తాగడం. అంతే. మధ్యాహ్నం మూడింటికి ఒక సంగీతం టీచరుగారి అంత్యక్రియలున్నాయి గానీ, వాటితో ఆమెకు పని లేదు. చెడబోయే పని ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, స్నానం చేసి తల దువ్వుకుని బుద్ధిగా కూర్చుంటుంది.

ఆ ఇంటివాళ్ళది పోయినవాళ్ళను సాగనంపే వ్యాపారం. వీధివైపు పెద్ద హాలు, హాలు పక్కన ఆఫీసు గది, వెనక పెట్టెలు చేసే షెడ్డు, పక్కసందులో నల్లబండి. మామగారు యజమాని. పెద్దకొడుకు పెట్టెలు చేస్తాడు. అతన్ని అందరూ టేపు అంటారు, ఎదుటి మనిషితో మాట్లాడుతూనే కళ్ళతో వాళ్ళ పొడవూ భుజాల వెడల్పూ కొలిచేస్తాడు కాబట్టి. చెడ్డబుద్ధి కాదు పాపం, అలవాటు. కానీ అతను ఎదురైతే జనం కొంచెం ఒంగి నడుస్తారు. చిన్నకొడుకు నల్లబండి నడుపుతాడు.

చిన్నకోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో ఆమెకిచ్చిన పని, పెట్టెల లోపల తెల్లగుడ్డ కుట్టడం. కిటికీ లేని గది, జిగురు వాసన, వార్నిషు వాసన. మూలలు కుట్టాలంటే పెట్టెలో తల, భుజాలు దూర్చాలి. అలా నాలుగేళ్ళు. "బతికుండగా ఇంత రిహార్సలు చేసినదాన్ని నేనొక్కదాన్నే" అని నవ్వేది గానీ, అన్నం తినేటప్పుడు కూడా కిటికీ పక్కనే కూర్చునేది. ఆరేళ్ళ కిందట సైటు పెట్టాక, కంప్యూటరు వాడటం తెలిసింది నీకొక్కదానికే కదా అని ఆమెను ఆఫీసు గదిలోకి మార్చారు. ఆ గదికి రెండు కిటికీలు. ఒకదాంట్లోంచి వీధి కనిపిస్తుంది. వీధిలో బతికున్నవాళ్ళు కనిపిస్తారు.

సైటులో పోయిన ప్రతి మనిషికీ ఒక పేజీ. ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, నాలుగు మంచి ముక్కలు. చెడ్డ ముక్కలు ఎవరూ రాయించరు కదా, అంచేత అందులో అందరూ దేవుళ్ళే. అన్నిటికన్నా కింద ఒక వరుస: "ఇప్పటివరకు తలచుకున్నవారు", ఆ పక్కన ఒక అంకె. ఆ ఆలోచన మామగారిది. పేజీ తెరిచిన ప్రతిసారీ పాత టూలు ఒకటి కలుపుకుంటూ పోయేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఆ అంకె పిల్లల మార్కుల్లా తయారైంది. "మా నాన్నగారు మూడు వేలు దాటారు" అని ఒకరంటే, "మా అమ్మ ఆర్నెల్లకే దాటింది" అని ఇంకొకరు. పోయినవాళ్ళు ఇంకా ఎదుగుతున్నట్టే మాట్లాడేవాళ్ళు. పెళ్ళాం తల్లి అంకె మొగుడి తండ్రి అంకెను మించిపోయిందని ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాటలు మానేశారు. ఆ ఇద్దరు ముసలాళ్ళూ బతికుండగా ఇంతమంది తలుచుకుని ఉంటే మందులు సమయానికి అందేవి.

ఇప్పుడేమైందంటే, పాత టూలు చేసినవాళ్ళు నెలాఖరుతో దాన్ని ఆపేస్తున్నామని ఉత్తరం పంపారు. కొత్త టూలుకు మారక తప్పదు. మామగారికి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు చెప్పారు.

"మార్చుకో. కానీ విను అమ్మాయ్. ఏ ఒక్క ఇంటివాళ్ళయినా ఇదేమిటని ఫోను చేశారంటే ఆ పేజీల వ్యవహారం ఆ పూటే మూసేస్తాను. దుఃఖంలో ఉన్నవాళ్ళను కెలకడం మన వృత్తి కాదు. కుట్టు గదిలో పని పేరుకుపోయి ఉంది."

"ఒక్క ఫోనూ రాదు మామయ్యా" అంది చిన్నకోడలు. అనకూడని మాట అది. దేవుడికి చెవులుంటాయి.

సోమవారం పొద్దున్నే మామగారు చెక్క ఎంచుకోవడానికి కలప డిపోకి వెళ్ళారు. చిన్నకోడలు పాత కోడ్ ముక్క తీసేసింది, కొత్త కోడ్ ముక్క అతికించింది. ఆరేళ్ళుగా ఎవరెప్పుడు వచ్చారో సర్వరు రాసిపెట్టుకున్న చిట్టా మొత్తం తెచ్చి, శుక్రవారం వరకూ ఉన్నదంతా కొత్త టూలులో పోసింది. పోయగానే పాత అంకెలు వచ్చేస్తాయని ఆమె అనుకుంది. కొత్త టూలు మర్యాదగా ఒక గీత చూపించి, దాని కింద ఇలా రాసింది: "చదువుతున్నాను. మిగిలిన సమయం: ఐదు గంటలు."

ఈలోగా సైటులో ఉన్న మూడు వందల పన్నెండు పేజీల్లోనూ ఒకటే అంకె. ఇప్పటివరకు తలచుకున్నవారు: 0.

ఆమె ఇంకా కుర్చీలోనే బిగుసుకుని ఉంది, హాల్లో ఫోను మోగింది. గమ్ము డబ్బా కోసం వచ్చిన టేపు ఎత్తాడు. ముందురోజు అతను కొత్త టూలు ఎందుకని అడిగితే, "పాతది ఎలా పడితే అలా లెక్కేస్తుంది బావగారూ, కొత్తది ఖచ్చితం" అని ఆమె చెప్పి ఉంది. ఆ మాట అతనికి నచ్చింది. కొలతల మనిషి కదా.

"హలో. ఆఁ, జడ్జిగారి భార్యగారా, నమస్కారమండీ. సున్నా చూపిస్తోందా? అయ్యో, మీరేం కంగారుపడకండి. తప్పేం లేదు. ఇన్నాళ్ళూ చూపించిందే తప్పు. ఇవాళ్టినుంచి ఖచ్చితమైన లెక్క పెట్టాం."

అవతల ఏదో కిందపడిన చప్పుడు.

"పెట్టేశారు" అన్నాడు టేపు. "మంచి మనిషి. ఐదడుగుల రెండంగుళాలు."

చిన్నకోడలు తేరుకుని పరుగెత్తుకొచ్చేసరికి అతను తొమ్మిదో ఫోను పెడుతున్నాడు.

"బావగారూ! అందరికీ ఏం చెప్పారు?"

"ఒకటే చెప్పాను. మనిషికో మాట చెప్పే రకం కాదు నేను."

"ఖచ్చితంగా లెక్కేస్తే మీ ఆయన్ని ఎవరూ తలుచుకోలేదని తేలింది, అని చెప్పారా?"

టేపు కాసేపు ఆలోచించాడు. "ఆ మాటల్తో కాదు" అన్నాడు. గమ్ము డబ్బా పట్టుకుని షెడ్డులోకి పోయాడు.

ఇక మోగకుండా ఆమె ఫోను తీసి పక్కన పెట్టేసింది. బుర్ర చురుగ్గానే పనిచేసింది. శుక్రవారం నాటి అంకెల పట్టీ ఒకటి దాచుకుని ఉంది. కొత్త టూలు ఐదు గంటలు చదువుకుంటే చదువుకోనీ, ఈలోగా ఆ అంకెల్ని తనే పేజీల్లో పెట్టేస్తే సరి. అంకెల వరుస మొత్తం పట్టీలోంచి ఎత్తి, పేజీల వరుస పక్కన దించింది. మొదటి పది పేజీలు తెరిచి చూసుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అమ్మయ్య అనుకుని టీ పెట్టుకుంది.

ఇక్కడ ఓడ వంటవాడి సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఒకావిడకు నీ భర్త సముద్రంలో పోయాడని కబురొచ్చింది. పాపం ఆవిడ ఏడ్చి, పేజీ పెట్టించింది. మూడు వారాలకు అతను మూటాముల్లెతో ఇంటికొచ్చాడు. ఓడ మారాడట, చెప్పడం మర్చిపోయాడట. తన పేజీ తనే ఆరుసార్లు చూసుకుని, ఫోటో బాగా లేదని పేచీ పెట్టాడు తప్ప తీసెయ్యమని అడగలేదు. "ఎప్పటికైనా కావాలిగా, ఉండనివ్వండి" అన్నాడు. నాలుగేళ్ళూ అలాగే ఉంది. మొన్న శనివారం వాళ్ళావిడ వచ్చి, ఆ పేజీ ఉన్నందువల్లే తన మొగుడికి ఎక్కడా పని దొరకడం లేదని ఏడిస్తే, చిన్నకోడలు జాలిపడి తీసేసింది.

శుక్రవారం పట్టీలో అతనున్నాడు. సోమవారం పేజీల్లో అతను లేడు. అంచేత అతని తర్వాత పోయిన ప్రతి మనిషికీ తన ముందు పోయిన మనిషి అంకె వచ్చి కూర్చుంది. బతికున్నవాడు ఒక్కడు వరుసలోంచి లేచిపోయినందుకు పోయినవాళ్ళందరూ ఒక్కో మెట్టు జరిగారు. ఓడ వంటవాడి తర్వాత జడ్జిగారు. జడ్జిగారి తర్వాత మిల్లు పెద్దాయన. మిల్లు పెద్దాయన తర్వాత, ఆ మిల్లు గేటు పక్కన గోనెసంచి పరుచుకుని సైకిళ్ళకు పంక్చర్లు వేసిన తాత. ఆ ఏటి చలికి ముగ్గురూ వరసపెట్టి వెళ్ళిపోయారు.

టీ సగంలో ఉండగా జడ్జిగారి భార్య స్వయంగా వచ్చింది. చేతికర్ర, భుజాన శాలువా.

"పొద్దున్న సున్నా అన్నారు. ఇప్పుడు ఆరంటున్నారు. ఏమ్మా, ఈ గంటలో ఆరుగురికి జాలి కలిగిందా మా ఆయనమీద?"

"లేదు పెద్దమ్మా, ఏదో తేడా వచ్చినట్టుంది, మీరు కూర్చోండి..."

"కూర్చుంటాను. నాకు ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్ళెవరున్నారు?" అని ఆవిడ హాల్లో ముందు వరుస కుర్చీలో కూర్చుంది. ఆ వరుస దగ్గరి బంధువులది.

ఆవిడ శాలువా సర్దుకోకముందే మిల్లు అబ్బాయి దిగాడు. యాభై దాటినా ఆయన్ని అందరూ మిల్లు అబ్బాయే అంటారు, తండ్రి అంత పెద్దమనిషి. కారు తలుపు వేసిన చప్పుడులోనే కోపం తెలిసింది.

"ఇదేం లెక్కమ్మా? మొన్నటిదాకా ఇరవై ఒక్క వేల మూడు వందల నలభై. ఇవాళ నాలుగు వేల నాలుగు వందల పది! మిగతా పదిహేడు వేలమందీ ఏమయ్యారు? తలుచుకున్నవాళ్ళు తలుచుకోలేదని వాపసు తీసుకున్నారా? పైగా మా గేటు దగ్గర నేలమీద కూర్చుని ట్యూబులకు అతుకులేసిన మనిషికి ఇరవై ఒక్క వేలా? మా నాన్నగారిని దాటిపోయాడా?"

"మీ నాన్నగారు ఆరడుగుల ఒక అంగుళం సార్" అన్నాడు షెడ్డు గుమ్మంలోంచి టేపు, మంచి ఉద్దేశంతోనే. "ఆయన్ని దాటడం కష్టం."

మిల్లు అబ్బాయి ఫోను తీశాడు. "మేనేజర్! మిషన్లు ఆపించు. ఆపించమంటుంటే! ఆరు వందలమందినీ ఫోన్లు బయటికి తీయమను. నాన్నగారి పేజీ తెరవాలి, మూయాలి, తెరవాలి. నేను ఆపమనేదాకా."

ఆ సైటు ఒకేసారి పదిమంది ఏడ్చేవాళ్ళకు సరిపడేలా కట్టినది. ఆరు వందలమంది ఒక్కసారి వచ్చి మీద పడేసరికి నోరు తెరిచి పడిపోయింది. ఏ పేజీ తెరిచినా తెల్లగా ఉంది. సంగీతం టీచరుగారిని మూడింటికి ఎక్కడికి తీసుకెళ్తున్నారో, ఏ దారిన తీసుకెళ్తున్నారో కూడా ఆ సైటులోనే రాసి ఉంది. ఆవిడ శిష్యులు ఇళ్ళలో నల్లబట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఫోన్లు చూసుకుని, తెల్లకాగితం కనిపించి, ఇక్కడికి ఫోను చేస్తే ఫోను పక్కన పెట్టి ఉండి, చివరికి ఒక్కొక్కరే నడిచి వచ్చి హాల్లో చేరారు. రెండింటికల్లా నలభై మంది. ఎవరిని అడగాలో తెలియక జడ్జిగారి భార్యే పెద్దదిక్కనుకుని ఆవిడకు వరసగా సంతాపం చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ కాదనలేదు. "చాలా మంచి మనిషి" అని వాళ్ళంటే "అంత కాదులెండి" అని మాత్రం అంటోంది.

అప్పుడు బయట బస్సు ఆగింది. స్టాపు కాదది. బస్సు దిగి ఒక కండక్టరమ్మ టికెట్ల సంచీ భుజాన ఊగుతుండగా లోపలికి పరుగెత్తుకొచ్చి, చిన్నకోడలి రెండు చేతులూ పట్టుకుంది. పంక్చర్ల తాత కూతురు.

"ఇరవై ఒక్క వేలమ్మా! మా పక్కింటామె ఫోను చేసి చెప్పింది. నేను నమ్మలేదు. పొద్దుటి ట్రిప్పులో బస్సులో ఒకాయన తెరిచి చూపించాడు. ఇరవై ఒక్క వేలమంది మా నాన్నని తలుచుకున్నారు! నాన్న పోయిన రోజు మేం ఐదుగురమే ఉన్నాం తల్లీ. మీ ఆయన బండి దిగొచ్చి ఓ చెయ్యి వేస్తేగానీ పెట్టె లేవలేదు. నాలుగేళ్ళనించీ నాకు అదే బాధ, మా నాన్న ఎవరికీ గుర్తులేకుండా పోయాడే అని. బస్సులో అందరికీ చెప్పేశాను. చప్పట్లు కొట్టారు!"

చిన్నకోడలు ఆమెకు కుర్చీ లాగింది. అబద్ధం చెప్పడం ఒక పాపం, నిజం చెప్పడం అంతకన్నా పాపం అనిపించే ఘడియలుంటాయి. కండక్టరమ్మను పిలవడానికి డ్రైవరు వచ్చాడు. డ్రైవరును పిలవడానికి ప్రయాణికులు వచ్చారు. వచ్చినవాళ్ళు హాల్లో నల్లబట్టల మనుషుల్ని చూసి మర్యాదగా తలలు వంచుకుని వెనక నిలబడ్డారు.

పక్కసందులోంచి హారన్ వినిపించింది. నల్లబండికి హారన్ ఉందన్న సంగతి ఆ వీధిలో ఎవరికీ అంతవరకూ తెలియదు. చిన్నకొడుకు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏమే, సందు మొగలో బస్సెవరిది?"

"నన్నెందుకు అడుగుతారు, నేనేమైనా డిపోనా?"

"టీచరుగారు లోపలున్నారే! రెండూ యాభై అయింది. బండి కదలడానికి లేదు!"

"ఆవిడొక్కర్తే ఇవాళ నన్నేమీ అడగనిది" అంది చిన్నకోడలు.

డ్రైవరు బస్సు వెనక్కి తీద్దామంటే బస్సు వెనక మిల్లు అబ్బాయి కారు. కారు తాళం మిల్లు అబ్బాయి జేబులో. జేబులోంచి తాళం తీయాలంటే ముందు లెక్క తేలాలి అంటాడాయన. సరిగ్గా మూడింటికి, గోడ గడియారం మోగుతుండగా, మామగారు గుమ్మంలోకొచ్చారు. బస్సు అడ్డంగా ఉండటంవల్ల వీధి చివర దిగి నడిచొచ్చారు. బూట్లనిండా రంపపు పొట్టు. హాలంతా ఒకసారి చూశారు. అరవలేదు. అరిచే మనిషి కాదు, అదే భయం.

"నలభై రెండేళ్ళు" అన్నారు. "వరదల్లో కూడా, అమ్మాయ్. ఒక్క మనిషినీ ఆలస్యంగా పంపలేదు."

"మామయ్యా, నేను..."

"ఒక్క ఫోనూ రాదన్నావు. ఫోను రాలేదు, నిజమే. మనుషులే వచ్చారు. ఇక చాలు. పేజీలు మూసెయ్యి. రేపట్నుంచి కుట్టు గది."

ఆమెకు కాళ్ళకింద నేల జిగురుగా అనిపించింది. నాలుగేళ్ళు పీల్చిన వాసన ముక్కుకు తగిలింది. ఏడుపు రాలేదు గానీ, ఏదైనా చెయ్యకపోతే వచ్చేలా ఉంది. ఆఫీసు గదిలోకి వెళ్ళి తెర చూసింది. గీత పూర్తయింది. కొత్త టూలు ఆరేళ్ళ చిట్టా చదివేసి కూర్చుని ఉంది. పాత టూలులా ఒక అంకె కాదు, ఒక్కొక్కరి పేరు పక్కన రెండేసి అంకెలు: వచ్చిన సార్లు, వచ్చిన మనుషులు.

ఆమె ముందు కండక్టరమ్మ దగ్గరకే వెళ్ళింది. "అక్కా, నన్ను తిట్టు. ఆ ఇరవై ఒక్క వేలు మీ నాన్నగారివి కావు. ఒక వరస జరిగింది. తప్పు నాదే."

కండక్టరమ్మ ముఖంలో దీపం ఆరినట్టయింది. సంచీ పట్టీ సర్దుకుంది. "అంతేలే తల్లీ" అంది. "నాకూ ఒక పక్కన అనిపిస్తూనే ఉంది."

"మరి ఎవరివో చెప్పమ్మా!" అంటూ మిల్లు అబ్బాయి గదిలోకి దూసుకొచ్చాడు. వెనకే అందరూ గుమ్మానికి చేరారు. "అందరూ వినండి. నేనే చదువుతా." తెరమీద వేలు పెట్టి, సభలో చదివినట్టు గట్టిగా చదివాడు. "మా నాన్నగారు. వచ్చిన సార్లు, ఇరవై ఒక్క వేల మూడు వందల నలభై. విన్నారా? వచ్చిన మనుషులు..."

ఆగాడు.

"చదవండి సార్" అన్నాడు బస్సు డ్రైవరు వెనకనుంచి. "ఎంతమంది?"

తెర ఆయన చదవకపోయినా చూపిస్తూనే ఉంది. ఇద్దరు. ఒకటి మిల్లు ఆఫీసులో ఉన్న కంప్యూటరు, రోజుకు పదిహేనుసార్ల చొప్పున, సెలవు దినాలు మినహాయించి. తండ్రిగారి పేజీ పదిహేనుసార్లు తెరవాలని ఒక గుమస్తాకు ఆయనే ఆర్డరేశాడు. రెండోది ఒక ఫోను. ఒక్కసారి వచ్చింది, పేజీ పెట్టిన రోజున. మిల్లు అబ్బాయి తన చేతిలో ఉన్న ఫోను వంక చూసుకుని దాన్ని జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి కారు తాళం తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు.

జడ్జిగారి భార్య కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "నాది చూడమ్మా."

"నాలుగు వేల నాలుగు వందల పది సార్లు, పెద్దమ్మా."

"మనుషులు?"

చిన్నకోడలు తెరను ఆవిడవైపు తిప్పింది.

"ఒకటేనా? నేనే అది. పొద్దున ఒకసారి, భోజనానికి ముందోసారి, సాయంత్రం ఓసారి" అంది ఆవిడ తేలిగ్గా. "ఇంకెవరు తలుచుకుంటారమ్మా ఆయన్ని? ముప్పై ఏళ్ళూ అందరికీ శిక్షలేగా వేసింది. ఆ అంకె పోయిందనే వచ్చాను. ఎవరో మొదలెట్టిన లెక్క కాదది, నాది."

పంక్చర్ల తాత పేరు దగ్గర వేలు ఆపింది చిన్నకోడలు. "అక్కా, ముప్పై ఏడు సార్లు."

"ఆఁ. అంతే ఉంటుంది."

"మనుషులు ముప్పై ఏడుగురు."

కండక్టరమ్మకు అర్థంకాలేదు. "అంటే?"

"ఒక్కొక్కరూ ఒక్కసారి వచ్చారు. ఒకళ్ళు వచ్చినట్టు ఒకళ్ళకు తెలియదు. ఎవరూ రమ్మని చెప్పలేదు."

"పేర్లు తెలుస్తాయా?"

"తెలియవక్కా."

"పోన్లే" అంది కండక్టరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "సైకిళ్ళున్నవాళ్ళే అయ్యుంటారు."

హాల్లో, ఈ గందరగోళం మధ్యే తమతమ అంకెల కోసం ఒక్కొక్కటిగా వచ్చి చేరిన కుటుంబాలు ఇంకో డజను దాకా ఉన్నాయి. చిన్నకోడలు "తర్వాత ఎవరండీ?" అని అడిగింది. ఒకాయనకు అప్పుడే బ్యాంకులో పని గుర్తొచ్చింది. ఒకావిడ పొయ్యిమీద ఏదో పెట్టి మర్చిపోయింది. "మాకేం తొందర లేదమ్మా" అన్నాడు ఇంకొకాయన, నెమ్మదిగా గుమ్మం దాటుతూ. "అసలా అంకె ఎందుకండీ, పోయినవాళ్ళకి? తీసేద్దురూ!" పొద్దుట్నుంచి అంకె ఏదని అరిచిన నోళ్ళే అవి. అంకె తీసెయ్యండి, మనిషి ముఖం చాలు అని అరగంటలో పదకొండు కుటుంబాలు ఒప్పుకుని వెళ్ళాయి.

మామగారు ఇదంతా గోడకు ఆనుకుని చూస్తున్నారు. ఊళ్ళో గొప్ప గొప్ప ఇళ్ళ సంగతి బయటపడుతుంటే ఆయన వెన్ను కొంచెం కొంచెం నిటారవుతోంది.

"ఇప్పుడు మా ఇంటిది చూపించు" అన్నారు.

సైటులో మొట్టమొదటి పేజీ అత్తగారిది. ఆవిడ పోయిన నెలలోనే సైటు పెట్టారు. ఆ అంకె కాగితంమీద రాసి ఇమ్మని మామగారు రోజూ అడుగుతారు. రాసిస్తే చదువుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుంటారు.

"వద్దు మామయ్యా, బండికి ఆలస్యమవుతోంది."

"నలభై రెండేళ్ళ తర్వాత ఎలాగూ అయింది. ఇంకో నిమిషం అవనీ. ఊరంతా చూడనీ, మా ఆవిడ దగ్గరకు ఎంతమంది వస్తారో."

ఇక దాచేదేముంది. ఆమె పక్కకు జరిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తనే చదువుకున్నారు. వచ్చిన సార్లు, పదకొండు వేల ఇరవై ఆరు. వచ్చిన మనుషులు, ఒకరు. ఎక్కడినుంచి అన్నచోట ఈ ఆఫీసు చిరునామాయే ఉంది. ఆ ఆఫీసు కుర్చీలో ఆరేళ్ళుగా ఒక్క మనిషే కూర్చుంటోంది.

"నువ్వా?" అన్నారాయన.

"నేనే మామయ్యా."

అబద్ధం కాదది. ఆమే. అసలు జరిగేదేమిటంటే, సైటులో ఒక చుక్క మార్చినా, ఒక రంగు మార్చినా, సరిగా కనిపిస్తోందో లేదో చూసుకోవడానికి ఏదో ఒక పేజీ తెరవాలి. పట్టీలో అన్నిటికన్నా పైనున్నది అత్తగారిది, వేలికి అదే తగులుతుంది. రోజుకు ఐదారుసార్లు తెరిచేది, ఫోటో కింద గీత వంకరగా ఉందా తిన్నగా ఉందా చూసుకుని మూసేసేది. ఆ ముఖం మాత్రం చూసేది కాదు. బతికుండగా ఆవిడ ఈమె కుట్టిన కుట్లు ఎన్ని పెట్టెల్లో విప్పించి మళ్ళీ కుట్టించిందో ఈమెకు ఒక్కొక్క పెట్టె లెక్కా గుర్తే.

మామగారి కళ్ళజోడు మసకబారింది. తీయలేదు, తుడవలేదు.

"పదకొండు వేల సార్లు" అన్నారు. "కన్నకొడుకులిద్దరున్నారు. ఒక్కసారైనా తెరిచారట్రా?"

టేపు గది పొడవు కొలుస్తున్నట్టు పైకప్పు వంక చూశాడు. చిన్నకొడుకు బండి తాళం వెతుక్కున్నాడు. "మరి మీరు?" అని వాళ్ళిద్దరిలో ఎవరూ అడగలేదు, అడిగే ఇల్లు కాదది. మామగారు చిన్నకోడలి తలమీద చెయ్యి పెట్టారు. పెళ్ళయిన పదేళ్ళలో అదే మొదటిసారి.

"నిన్నా తల్లీ నేను కుట్టు గదికి పంపబోయింది? కూర్చో. ఆ కుర్చీ నీది. నేను పోయినా నీదే. ఆ అంకెలు తీసిపారెయ్యి, పేజీలు ఉండనీ."

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. కండక్టరమ్మ "ఇలాంటి కోడలుండాలి" అంది. జడ్జిగారి భార్య మాత్రం చిన్నకోడలి ముఖంలోకి కొంచెం ఎక్కువసేపు చూసింది. ముప్పై ఏళ్ళు జడ్జి పక్కన కాపురం చేసిన మనిషి. కానీ శాలువా సర్దుకుని గుమ్మంవైపు నడిచింది. చిన్నకోడలు ఇప్పుడు చెప్పాలి అనుకుంది. కిటికీవైపు చూసింది. వీధిలో బస్సు కదిలింది, దాని వెనక నల్లబండి కదిలింది, సంగీతం టీచరుగారు నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరారు. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె అన్ని పేజీల్లోనూ అంకెల వరుస తీసేసింది. తీసింది సరిగ్గా పోయిందో లేదో చూసుకోవాలి కదా. వేలు అలవాటుగా అన్నిటికన్నా పైన ఉన్న పేరుమీదికి వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. కాసేపు అలాగే ఉండి, కిందికి జరిగి, ఎవరో ముక్కూముఖం తెలియని ముసలాయన పేజీ తెరిచి చూసుకుంది. పదింటికి మామగారు గుమ్మం దగ్గర నిలబడి, "మీ అత్తయ్య పేజీ బానే ఉందా?" అని అడిగారు. "ఉంది మామయ్యా" అంది. ఆయన తృప్తిగా తలూపి షెడ్డులోకి వెళ్ళిపోయారు.

సాయంత్రం కొత్త టూలు ఆ రోజు లెక్క ఖచ్చితంగా చూపించింది: అత్తగారి పేజీ ఎవరూ తెరవలేదు.